మనుషులు అడ్డురాని రోడ్డు

గజపతినగరం,
మార్చి 2017

చి. యుగంధర్‌కి,

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని ఫోన్లో అడిగావు. నేను చెప్పలేకపోయాను, నువ్వూ వినలేకపోయావు. ఇక ఫోన్ వద్దు. రాస్తాను.

ఆదివారం. మీ అక్క ఉషకి బడి లేదు, నాకు ఆఫీసు లేదు. పొద్దున్న చోడంబలి తాగాం. చినగెడ్డవలసలో మా భూమి చెక్కలో ఉలవ పీకేశారనీ, బైపాస్ మీద పరుస్తున్నారనీ, మనుషులు చాలడం లేదనీ అసిరమ్మ కబురు పంపింది. మా భూమి చేస్తున్నది ఆమే. వెళ్దామని ఉష అంది. బండి మీద వెళ్లాం.

ఉలవ నూర్పుకి ఇప్పుడు కళ్లాలు ఎక్కడున్నాయి? మండలు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ ఎక్కి వెళ్తాయి. కాయ పగిలి గింజ రాలుతుంది. బండి వెళ్లగానే కర్రలతో తిరగేసి, ఇంకోటి వస్తుంటే పక్కకి జరుగుతారు. రాజాంలో మీ ఇంటి ముందు నువ్వూ చీపురు పట్టినవాడివే.

మధ్యాహ్నం దాకా బాగానే జరిగింది. ఉష చీర కుచ్చెళ్లు ఎగదోపి, తలకి తువ్వాలు చుట్టుకుంది. బడిలో పిల్లలు చూస్తే ఇక మాట వినరని నవ్వింది. నేను రెండో కొసన తిరగేస్తున్నాను. ఒక కారు వస్తోంది. అందరితో పాటు తనూ పక్కకి జరిగింది. కారు తగిలింది.

ఆటోలో విజయనగరం తీసుకెళ్లాం. తల నా ఒడిలో ఉంది. ఏమీ మాట్లాడలేదు. బొండపల్లి దాటాక ఊపిరి ఆగింది. డాక్టరు తర్వాత చెప్పాడు కానీ నాకు అప్పుడే తెలిసింది. నొప్పి పడినట్టు అనిపించలేదు. నువ్వు అడుగుతావని రాస్తున్నాను.

మర్నాడు చినగెడ్డవలసలోనే గెడ్డవాగు ఒడ్డున దహనం చేశాం. నీ విమానం అందదని తెలిసే చేశాం. మా వాళ్లందరూ అక్కడే.

అంతే.

మీ బావ,
జగన్నాధం


విశాఖపట్నం,
ఏప్రిల్ 2017

బావకి నమస్కారం.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. రాసి మేలు చేశావు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. అక్క కబురు వచ్చినప్పుడు నేను సింగపూర్‌లో డ్రైవరు లేని బండిలో కూర్చుని ఉన్నాను. మా కంపెనీ పంపింది. ముందు సీటు ఖాళీ. స్టీరింగ్ తనంతట తాను తిరుగుతోంది. ఒక ముసలావిడ రోడ్డు మీదికి అడుగుపెట్టగానే బండి ఆగింది. ఆమె దాటేదాకా కదల్లేదు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఇది ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఈ పని వదలను బావా. ఆ యంత్రం తాగదు, నిద్రపోదు, ఫోన్ చూడదు. ఆ కారువాడు ఏం చేస్తున్నాడు అప్పుడు? తాగాడా? పోలీసులు నాకు ఏమీ చెప్పలేదు. నీకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు మాకు అప్పగించిన పని ఏమిటంటే, ఇలాంటి కార్లు వచ్చే నాటికి మన ఊళ్లు ఎలా తయారవ్వాలో ప్లాను గీయడం. పెద్ద నగరాలకి చాలామంది గీస్తున్నారు. చిన్న పట్టణాలకి, వాటి మధ్య రోడ్లకి ఎవరూ గీయలేదు. బజార్లలో పార్కింగ్ స్థలాలు ఎంత తగ్గించవచ్చు, మనుషులు దిగడానికి అంచులు ఎక్కడ వదలాలి, రోడ్డు గీతలు యంత్రం కంటికి ఆనేలా ఎలా వేయాలి, ఇవన్నీ. ముందుగా ఒక రోడ్డు ముక్క తీసుకుని అక్కడ నడిపి చూస్తాం.

నువ్వు ప్లానింగ్ ఆఫీసులో ఇన్నేళ్లుగా మ్యాపులు గీస్తున్నావు. ఆ జిల్లా రోడ్లు నీకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియవు. మీ వైపు రోడ్డు మీద ఏమేం జరుగుతుందో, చూసింది చూసినట్టు రాసి పంపుతావా? నీకూ కాస్త పని ఉన్నట్టుంటుంది.

నీ
యుగంధర్


గజపతినగరం,
జూన్ 2017

చి. యుగంధర్‌కి,

కారు నడిపినతను తాగలేదు. ఫోన్ చూడలేదు. దాని గురించి ఇంతకన్నా అడగకు.

నువ్వు అడిగిన పని చేశాను. సాయంత్రాలు ఇంట్లో కూర్చోవడం కన్నా నయమని బైపాస్ దగ్గర కూర్చున్నాను. చినగెడ్డవలస దగ్గరే. వేరే చోట కూర్చోవాలని అనిపించలేదు.

ఊరు రోడ్డుకి ఇటు. పొలాలు, గెడ్డ, శ్మశానం అటు. కాబట్టి ఊరు రోజంతా దాటుతూనే ఉంటుంది. పశువులు పొద్దున్న అటు, సాయంత్రం ఇటు. వాన వెలిశాక గేదెలు తారు వెచ్చగా ఉందని రోడ్డు మీదే పడుకుంటాయి. ఆడవాళ్లు నెత్తి మీద మోపులతో వస్తారు. మెడ తిప్పలేరు కాబట్టి బండి వస్తోందో లేదో చెవులతోనే చూస్తారు. బండ్ల వాళ్లకీ ఇది తెలుసు. ఊరు రాగానే హారన్ కొడతారు. గింజ ఆరబోసి ఉంటే చుట్టూ రాళ్లు పెడతారు. రాళ్లుంటే ఎక్కించకూడదు. రాళ్లు లేకుండా మండలు పరిచి ఉంటే ఎక్కించాలి. ఈ తేడా బోర్డు మీద ఎక్కడా రాసి లేదు.

సాలూరు లారీ డ్రైవరు గంగులు ఈ ఊరి అల్లుడు. నిన్న నువ్వుల మండల మీద లారీని మెల్లగా ఎక్కించి తల బయట పెట్టాడు.

“అసిరమ్మత్తా, ఏటి, ఈ ఏడైనా నా టైర్లకి కూలి ఉన్నాదా లేదా?”

“నీ టైర్లు తొక్కి సగం పిండి సేసేసినాయి. నువ్వే నాకు తప్పు కట్టాల. ఎల్లెల్లు, ఎనక బస్సోడు సూడు ఎలా మొత్తుకుంటన్నాడో.”

“మీ అల్లుడు గదా, కూసింత టీ అయినా పొయ్యవా?”

“పెళ్లప్పుడు పోసిందే దండగయిపోనాది.”

ఉష పోయాక ఆ రోడ్డు మీద నవ్వు వినడం అదే మొదలు. వాళ్లు నన్ను చూసి ఆపేశారు. ఆపనక్కర్లేదు అన్నాను.

నీ యంత్రానికి ఇందులో ఏది నేర్పగలవో నాకు తెలియదు. చూసింది రాశాను.

జగన్నాధం


విశాఖపట్నం,
సెప్టెంబర్ 2017

బావకి నమస్కారం.

నువ్వు రాసింది ఆఫీసులో చదివి వినిపించాను. అందరూ నవ్వారు, తర్వాత మళ్లీ ఒకసారి చదవమన్నారు.

కంప్యూటర్లో అలాంటి రోడ్డు ఒకటి కట్టి బండిని నడిపాం. ఉలవ మండలు పరిచిన చోటికి వచ్చింది. ఆగింది. అది మొక్కా, రాయా, పడుకున్న మనిషా, తేల్చుకోలేకపోయింది. మేం చాలించేదాకా అక్కడే నిలబడి ఉంది. గేదె దగ్గరా అంతే. మోపు మోసే మనిషిని చెట్టు అనుకుంది. చెట్టు నడవడం చూసి మళ్లీ ఆగింది.

అదే మంచిది కదా అన్నాను నేను. ఆగడం తప్పు కాదు కదా. మా పెద్దాయన పృథ్వీరాజ్ గారు ఒప్పుకోలేదు. “బండిది తప్పు కాదయ్యా. రోడ్డుది తప్పు. వంద రకాల మనుషుల్ని యంత్రానికి నేర్పడం కన్నా, రోడ్డు మీద మనుషులు లేకుండా చేయడం సులువు,” అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. లోకంలో అందరూ అలాగే చేస్తున్నారు. మొదటి దశలో ఇరుపక్కలా ఇనప కంచె. రెండో దశలో స్తంభాల మీద సెన్సర్లు, గీతలు. మూడో దశలో బండి.

మీ జిల్లాలోనే ఒక ముక్క చూస్తున్నారు. ఎక్కడన్నది ఇంకా ఖాయం కాలేదు.

నువ్వు వేళకి తింటున్నావా? వంటకి ఎవరినైనా పెట్టుకో బావా.

యుగంధర్


గజపతినగరం,
జనవరి 2018

యుగంధర్‌కి,

ఎక్కడన్నది ఖాయం కాలేదన్నావు. మ్యాపు నా బల్ల మీదికి వచ్చింది, శుభ్రంగా గీసి ఇమ్మని. కింద మూల నీ సంతకం ఉంది. తారీఖు నీ ఉత్తరం కన్నా ముందుది.

గీశాను. ఊరి ముందు నుంచి గెడ్డ వంతెన దాకా కంచె ఎక్కడా తెగలేదు. నా పెన్నుతో నేనే కలిపాను.

పోయిన వారం ఊళ్లో మీటింగు పెట్టారు. మీ కంపెనీ కుర్రాళ్లు ఇద్దరు వచ్చి బడి గోడ మీద వీడియో వేశారు. డ్రైవరు లేని కారు తిరుగుతోంది. ఊరంతా వచ్చింది.

అసిరమ్మ అడిగింది, “బాబూ, లోపలెవుడూ లేడా? ఉత్తినే ఎలిపోతన్నాదా?”

“ఎవరూ లేరమ్మా. కంప్యూటరే నడుపుతుంది.”

“మరి గేదె అడ్డమొస్తే తిట్టేదెవుడు?”

అందరూ నవ్వారు. గంగులు వెనక నుంచి అరిచాడు. “తిట్టడం సరేనే అత్తా. గుద్దేస్తే మనం ఎవుడ్ని కొట్టాల? సీటుని పట్టుకుని కొడతావేటి?”

“నిన్నే కొడతాం. నీకు డైవరు పని పోతాది గదా, కాళీగా ఉంటావు.”

కుర్రాళ్లూ నవ్వారు. తర్వాత బొమ్మ మారింది. కంచె కనిపించింది. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు.

“ఇదేటి, జైలా?” అంది అసిరమ్మ.

“మీ మంచికేనమ్మా. ఎవరూ రోడ్డు మీదికి రాకుండా.”

“రాకుండా అటెలా ఎల్తాం?”

“వంతెన కింద నుంచి దారి ఉంది కదమ్మా.”

“వంతెన కాడికి తిరిగెల్లి, మళ్లీ ఇంత దూరం ఎనక్కి రమ్మంటావు. నెత్తి మీద మోపుతోటి. ఒరే నాయినా, నీ నెత్తి మీద ఎప్పుడైనా మోపు పెట్టినారా?”

అతను వీడియో ఆపేశాడు. మీటింగు అయిపోయింది. పోయేటప్పుడు అసిరమ్మ నన్ను అడిగింది, “బాబూ, నీ బావమర్ది గదా ఇది సేసినోడు. నువ్వు సెప్పకూడదా?”

చెబుతున్నాను. నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఊరి ముందర ఒక్క దారి వదులు. గేటు పెట్టు, మనిషిని పెట్టు, దీపం పెట్టు, నీ ఇష్టం. ఒక్క దారి. కంచె పడ్డాక ఇక అడిగినా వినేవాడుండడు. ఇన్నేళ్లు ఆఫీసులో ఉన్నాను, నాకు తెలుసు.

జగన్నాధం


విశాఖపట్నం,
ఫిబ్రవరి 2018

జగన్నాధం గారికి,

ఆ ముక్క ఎంచుకున్నది నేనే. పృథ్వీరాజ్ గారు భోగాపురం వైపు చూపించారు. నేను పట్టుబట్టి మార్పించాను. ఖాయం కాలేదని మీకు అబద్ధం రాశాను. మీరు వద్దంటారని తెలుసు.

అక్క పోయిన చోట ఇంకొకరు పోకూడదు. అంతే నా లెక్క. ఇందులో నాకు వచ్చేది ఏమీ లేదు.

ఒక్క దారి వదిలితే ఆ దారి దగ్గరే మనిషి చస్తాడు. పైగా తెరిచి ఉన్న చోట యంత్రానికి అనుమతి ఇవ్వరు. కాలినడక వంతెన రెండో దశలో పెట్టించాను. కావాలంటే కాగితాలు చూసుకోండి.

ఊరివాళ్లకి మోపు బరువు. ఒప్పుకుంటాను. మీరు కూడా వాళ్లలాగే మాట్లాడడం నాకు అర్థం కాలేదు. మీ భార్యని చంపిన రోడ్డుని అలాగే ఉంచమని అడుగుతున్నారు. ఒకడు కళ్లు మూసుకుని కారు నడిపి మా అక్కని తీసుకుపోయాడు. వాడి పేరు కూడా మీరు నాకు చెప్పలేదు. కేసు కూడా మీరు గట్టిగా పట్టుకోలేదని విన్నాను. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

యుగంధర్


గజపతినగరం,
మార్చి 2018

యుగంధర్,

ఎందుకో చెబుతాను.

కారు నడిపినతను బళ్లారి వైపు మనిషి. రాయగడలో బంధువుల ఇంటికి వెళ్తున్నాడు. వెనక సీట్లో తల్లి ఉంది. మెల్లగానే వస్తున్నాడు. రోడ్డు మీద పంట కనిపించింది. మనవాడైతే దాని మీదికే ఎక్కించేవాడు. అందుకే పరిచాం. అతను అలా చేయలేదు. పంట మీద టైరు పెట్టకూడదనుకుని పక్కకి తిప్పాడు. పక్కకి తిప్పిన చోట ఉష నిలబడి ఉంది. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. అటు బండి రాదని ఆ రోడ్డు మీద నూర్చే ప్రతి మనిషికీ తెలుసు.

స్టేషన్లో నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “తినే గింజల మీద ఎలా ఎక్కించమంటారండీ,” అన్నాడు. వచ్చీరాని తెలుగులో. మళ్లీ మళ్లీ అదే మాట. అతని తల్లి నా చేయి పట్టుకుని ఏదో అంది. ఆ భాష నాకు రాదు.

అతని మీద నేను ఏ కేసు పట్టుకోను? మంచివాడు. ఉషా తప్పు చేయలేదు. పరిచినవాళ్లూ తప్పు చేయలేదు. ఇది నీకు రాయలేదు, ఎందుకంటే కోపగించుకోవడానికి నీకు ఒక మనిషి కావాలి. నాకు ఆ మనిషి కూడా లేకుండా పోయాడు. నువ్వైనా ఉంచుకోవాలనుకున్నాను.

నీ యంత్రం అక్కడ ఆగేదంటావు. ఆగేదేమో. కంచె ఉంటే ఉష బతికేది. అదీ నిజమే. కాదనను. కానీ ఊరు ఆ రోడ్డు దాటకుండా బతకదు. నువ్వు రోడ్డుని బాగు చేస్తున్నావు. ఊరిని ఎవరు చూస్తున్నారో మ్యాపులో కనబడలేదు.

దారి సంగతి మళ్లీ అడుగుతున్నాను.

జగన్నాధం


విశాఖపట్నం,
నవంబర్ 2018

బావా,

నీ ఉత్తరం వచ్చాక ఇన్ని నెలలు ఏమీ రాయలేకపోయాను. ఆ కన్నడాయన మాట నన్ను వదలడం లేదు. నేనైనా అలాగే తిప్పేవాణ్ని. సింగపూర్‌లో నేను కూర్చున్న బండి కూడా, పక్కన చోటుంటే, ఆగకుండా అలాగే తిప్పడానికి చూసేది. ఇంజనీర్ని అడిగాను. అవునన్నాడు.

దారి కోసం అడిగాను. నిజంగా అడిగాను. పృథ్వీరాజ్ గారు, “కాంట్రాక్టు ఇచ్చేశాం, ఇప్పుడు గీత మారిస్తే అంతా మొదటికొస్తుంది,” అన్నారు. పై ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అధికారి నా మాట విని, ప్లాను మీద సంతకం ఎవరిదని అడిగాడు. నాదే అన్నాను. మరి నీకే నచ్చలేదా అని నవ్వాడు.

కంచె పూర్తయిందని ఫోటోలు వచ్చాయి. నువ్వు చూసే ఉంటావు.

ఇంకో సంగతి. ప్రాజెక్టు ఆగిపోయింది. రెండో దశ లేదు. మూడో దశ లేదు. డ్రైవరు లేని బండ్లు ఈ దేశానికి ఇప్పట్లో వద్దని పైవాళ్లు అనుకుంటున్నారట. నన్ను ఒక షాపింగ్ కాంప్లెక్సు పార్కింగ్ డిజైనుకి మార్చారు. కంచె తీసేయమని రాశాను. వేయడానికి పథకం ఉంది కానీ, తీయడానికి పథకం లేదన్నారు.

కారు రాదు బావా. కాలినడక వంతెన కూడా రాదు. కంచె మాత్రం ఉంటుంది.

నేను వద్దామనుకున్నాను. ఊరివాళ్ల ముఖం చూడలేను. నీ ముఖం కూడా.

యుగంధర్


గజపతినగరం,
ఆగస్టు 2019

చి. యుగంధర్‌కి,

ఆలస్యంగా రాస్తున్నాను. రాయడానికి మంచి కబురు వస్తుందేమోనని చూశాను.

కంచె పడ్డాక కొన్నాళ్లు వంతెన కింద నుంచే తిరిగారు. కొందరు అటు పక్క పొలాలు బీడు పెట్టేశారు. వేసవిలో గున్నమ్మ అనే ముసలామె పోయింది. పాడె వంతెన కిందికి తీసుకెళ్లారు. మురుగు, మోకాలి లోతు బురద. మోసేవాళ్లు జారారు. వెనక్కి తెచ్చి కంచె మీంచి అందించారు. ఇటు నలుగురు ఎత్తితే అటు నలుగురు పట్టుకున్నారు. నేను అటు పక్క పట్టుకున్నాను. ఆ రాత్రే ఎవరో రోడ్డుకి రెండు వైపులా ఊచలు కోసేశారు. మనిషి వంగి దూరేంత కంత. ఎవరు కోశారో నాకు తెలుసు. ఆఫీసులో చెప్పలేదు.

అప్పటి నుంచి అందరూ ఆ కంతలోంచే. నేనూ. గెడ్డ ఒడ్డుకి వెళ్లాలంటే నాకూ అదే దారి.

ఇంకొకటి మారింది. కంచె చూసి బండ్లు జోరు పెంచాయి. ఊరు దగ్గర హారన్ కొట్టడం మానేశాయి. మనుషులు ఉండరని కంచె చెబుతోంది కదా.

పోయిన నెల అసిరమ్మ గడ్డి మోపుతో కంతలోంచి వంగి వచ్చింది. లేచి నిలబడేలోపు లారీ తగిలింది. గంగులు లారీ. తన ఊరు, తన అత్త. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి బయట గోడకి తల కొట్టుకుంటున్నాడు.

“కంచె ఉన్నాది గదా, మనుసులుండరనుకున్నాను బాబూ. పన్నెండేళ్లు హారన్ కొట్టకుండా ఎప్పుడూ ఎల్లలేదు. కంచె ఉన్నాది గదా అనుకున్నాను.”

ఆమెకి మోకాలి కింద కాలు తీసేశారు. మెలకువ వచ్చాక మొదట గంగుల్ని పిలవమంది. వాడు లోపలికి రానన్నాడు. “రమ్మను ఎదవని. నానేటి కొడతానా? కొడదామన్నా లేవలేను గదా,” అంది. వాడు వచ్చి మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. ఆమె వాడి తల మీద చేయి వేసి నా వైపు తిరిగింది. “బాబూ, ఆ కంత మూయించీ. పిల్ల గుంటలందరూ అందులోంచే దూరుతన్నారు.”

ఊరి కోసం నేను నీ దగ్గర అడిగింది ఒక దారి. దారిలేక వాళ్లు చేసుకున్నది కంత. దారి దగ్గరైతే బండి నెమ్మదిస్తుంది. కంత ఉందని ఏ డ్రైవరుకి తెలుస్తుంది? దారి ఇవ్వమని పై ఆఫీసుకి మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు. కంత మూయమని ఒక్కసారి రాస్తే వారంలో ఆర్డరు వచ్చింది. ఊరు తెలిసినవాణ్నని నా పేరే వేశారు.

నీ మీద నాకు కోపం లేదు. ఉన్నన్నాళ్లు ఉంది. నువ్వు ఆమె కోసమే చేశావు. ఆ కన్నడాయనా గింజల కోసమే చేశాడు. నేనూ ఇప్పుడు పిల్లల కోసమే చేస్తున్నాను. ఇంతమందిమి మంచికే చేశాక ఇంక ఎవరికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఊరివాళ్లు తిడతారు. మా దారి కూడా మూసేశావని అంటారు. నిలబడి వింటాను. అటు పక్క మిగిలిన నా చెక్క ఇక చేసేవాళ్లుండరు. గెడ్డ ఒడ్డుకి నేనూ వెళ్లేది తగ్గుతుంది. మోకాళ్లు అంత దూరం తిరగనివ్వడం లేదు.

వెల్డరుకి చెప్పి ఉంచాను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి వెళ్లి, ఇటు పక్క నిలబడి కంత మూయిస్తాను.

మీ బావ,
జగన్నాధం